అప్పుల జైల్లో అచ్చాఫీసు: దేశంలో తొలి పత్రిక పెట్టిన హికీ కథ

ప్రతి సంవత్సరం జనవరి 29న మన దేశంలో వార్తాపత్రికల దినం జరుపుతారు. పట్నాలలో విలేఖరుల సంఘాల వారు ఒక సభ పెట్టి, హికీ అనే దొర పేరు ఒకసారి తలచుకుని, టీ తాగి ఎవరిళ్ళకు వారు వెళ్ళిపోతారు. ఆ దొర ఎవరో, చివరికి ఆయన గతి ఏమైందో చెప్పగలవారు మండలానికి ఇద్దరు ముగ్గురు కూడా ఉండరు.

1780లో జనవరి 29 శనివారం. ఆ రోజున కలకత్తా నగరంలో జేమ్స్ ఆగస్టస్ హికీ నాలుగు పేజీల ఇంగ్లీషు వారపత్రిక ఒకటి వెలువరించాడు. పేరు బెంగాల్ గెజిట్. మన దేశంలో అచ్చయిన మొదటి వార్తాపత్రిక అదే. అది నడిచింది రెండేళ్ళ రెండు నెలలు మాత్రమే. ఆ కొద్ది కాలంలోనే గవర్నర్ జనరల్ నిద్ర చెడగొట్టింది. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిని నవ్వులపాలు చేసింది. పెట్టినవాణ్ణి జైలుకు పంపింది.

హికీ మహాపురుషుడు కాడు. ఈ మాట మొదటే చెప్పుకోవడం మంచిది. ఆయన కోపిష్ఠి, నోటి దురుసు మనిషి, అప్పులవాడు. అయినా ఆయన పేరు ఎందుకు నిలిచిందన్నదే చూడవలసిన సంగతి.

వైద్యుడు, వర్తకుడు, ఖైదీ

హికీ 1740 ప్రాంతంలో ఐర్లండు దేశంలో పుట్టాడు. కుర్రతనంలో లండన్ చేరి విలియం ఫేడెన్ అనే ముద్రాపకుని వద్ద పనికి కుదిరాడు. ఆ పని వదిలి ఒక వకీలు దగ్గర గుమాస్తాగా చేరాడు. అదీ వదిలి వైద్యంలోకి దిగాడు. 1772లో ఓడ వైద్యునికి సహాయకుడిగా ఈస్టిండియా కంపెనీ ఓడ ఎక్కి కలకత్తాలో దిగాడు. వారన్ హేస్టింగ్స్ బెంగాలుకు గవర్నరు అయింది కూడా ఆ సంవత్సరంలోనే. రెండేళ్ళలో ఆయన గవర్నర్ జనరల్ అయ్యాడు.

హికీ కలకత్తాలో కొంత వైద్యం చేశాడు, కొంత వర్తకం చేశాడు. అప్పు తెచ్చి సరుకులు కొని తీరం వెంట ఓడలో పంపేవాడు. 1776లో ఆ ఓడ సరుకంతా పాడైపోయి తిరిగి రేవుకు వచ్చింది. అప్పులవాళ్ళు మీద పడ్డారు. ఆ రోజుల్లో బాకీ తీర్చలేనివాణ్ణి జైల్లో పెట్టేవారు. తీర్చేదాకా విడిచేవారు కారు. జైల్లో ఉన్నవాడు సంపాదించేదెలా, తీర్చేదెలా అన్న ప్రశ్న ఆ చట్టానికి పట్టలేదు. ఆ ఏడాది అక్టోబరులో హికీ జైలుకు వెళ్ళాడు.

చేతిలో మిగిలినవి సుమారు రెండు వేల రూపాయలు. ఆ డబ్బుతో అచ్చు అక్షరాలు కొన్నాడు. వడ్రంగులను పెట్టి చెక్కతో అచ్చుయంత్రం చేయించాడు. కుర్రతనంలో వదిలేసిన విద్య అప్పుడు అక్కరకు వచ్చింది. 1777 నాటికి జైలులో నుంచే చిన్న చిన్న అచ్చుపనులు చేయసాగాడు. కంపెనీ సైన్యానికి భత్యం బిల్లుల ఫారాలు అచ్చువేశాడు. 1778లో విలియం హికీ అనే వకీలు కేసు పట్టుకుని ఆయనను విడిపించాడు. ఇంటిపేరు ఒకటే గానీ ఇద్దరికీ చుట్టరికం లేదు.

బయటకు వచ్చాక పెద్ద పని ఒకటి దొరికింది. సేనాధిపతి సర్ ఐర్ కూట్ సైన్యపు నిబంధనలన్నీ అచ్చువేయమని 1779లో అప్పజెప్పాడు. హికీ పని మొదలుపెట్టాడు. కంపెనీ మాత్రం సొమ్ము ఇవ్వకుండా నానబెట్టింది. సర్కారు పని చేసి బిల్లు కోసం ఆఫీసు మెట్లు ఎక్కి దిగిన కాంట్రాక్టర్లు మన ఊళ్ళలోనూ ఉన్నారు గనుక ఈ బాధ వేరే వివరించనక్కరలేదు. ఆ బిల్లు ఆయనను బ్రతికినన్నాళ్ళూ వెంటాడింది.

అందరిదీ, ఎవరి చేతి కిందా లేనిది

పత్రిక అన్ని పక్షాలకూ తెరిచి ఉంటుందనీ, ఏ పక్షానికీ లొంగదనీ హికీ ప్రకటించాడు. మొదటి నెలల్లో ఆయన ఎవరి జోలికీ పెద్దగా పోలేదు. ఓడల రాకపోకలు, వేలంపాటలు, అద్దె ఇళ్ళ ప్రకటనలు, విలాయతీ కబుర్లు, పాఠకుల ఉత్తరాలు వేసేవాడు. కలకత్తా వీధుల కంపు గురించి, మురుగు గురించి రాశాడు. 1780లో నగరంలో పూరిళ్ళు వేలాదిగా తగలబడి జనం ప్రాణాలు పోతే ఆ సంగతీ రాశాడు. కంపెనీలో పైవారి కోసం కాక చిన్న ఉద్యోగులు, సిపాయిలపై ఉండే కింది అధికారులు, పేద తెల్లవారు చదువుకునే పత్రికగా అది పేరు తెచ్చుకుంది. నల్లవారి పేటల కష్టాలు అందులో ఎప్పుడో గాని కనిపించవు. అది ఆనాటి తెల్లవారందరిలో ఉన్న లోపమే.

ఇక్కడ నాటకశాల సంగతి చెప్పాలి. 1775లో కలకత్తాలో కంపెనీ రైటర్ల భవనం వెనుక, ఇప్పటి లయన్స్ రేంజి వీధిలో, ఇంగ్లీషువారు పెద్ద నాటకశాల కట్టుకున్నారు. హేస్టింగ్స్ మొదలు సుప్రీంకోర్టు జడ్జీల దాకా చందాలు వేశారు. బాక్సులో కూర్చోవాలంటే టిక్కెట్టు ఒక బంగారు మొహరు, అంటే 16 రూపాయలు. కింద కూర్చుంటే 8 రూపాయలు. నౌకరు జీతం నెలకు నాలుగైదు రూపాయలు ఉన్న కాలమది. మన నాటకాలలో లాగే అక్కడా మొదట్లో ఆడవేషాలు మగవారే కట్టేవారు. ఆ నాటకశాలను నడిపించినవాడు బెర్నార్డ్ మెస్సింక్. లండన్‌లో పేరుమోసిన డ్రూరీ లేన్ నాటకశాల నుంచి గారిక్ అనే మహానటుడు పంపగా వచ్చినవాడు.

ఈ మెస్సింక్, ఉప్పు వ్యాపారంలో ఉన్న పీటర్ రీడ్ అనే కంపెనీ ఉద్యోగి కలిసి 1780 నవంబరులో ఇండియా గెజిట్ అనే రెండో పత్రిక పెట్టారు. హేస్టింగ్స్ వారికి అండగా నిలిచాడు. తపాలా ఖర్చు లేకుండా పత్రిక పంపుకునే వసతి కల్పించాడు. దొరల వినోదం చూసే మనిషికే దొరల వార్తలూ అప్పజెప్పారన్నమాట.

హికీ ఊరుకోలేదు. తాను లంచం ఇవ్వనందుకే కంపెనీ ఉద్యోగి సిమియన్ డ్రోజ్, హేస్టింగ్స్ భార్య కలిసి పోటీదారులకు వసతులు ఇప్పించారన్నట్టు పత్రికలో రాశాడు. నవంబరు 14న గవర్నర్ జనరల్ కౌన్సిల్ ఉత్తర్వు వేసింది. హికీ పత్రికను తపాలాలో తీసుకోరాదని దాని సారాంశం.

పత్రికవాణ్ణి కొట్టాలంటే కలం లాక్కోనక్కరలేదు, కట్ట కదలకుండా చేస్తే చాలు. తెల్లవారుజామున మొదటి బస్సుకు పత్రికల కట్ట రాకపోతే ఆ ఊరికి ఆ రోజు పత్రిక లేనట్టే. హికీ చందాదారులు దూరంలోని సైనిక కేంద్రాలలో, రేవు పట్టణాలలో చాలామంది ఉండేవారు. వారందరూ ఒక్క ఉత్తర్వుతో దూరమయ్యారు. అప్పుడు ఆయన కలకత్తాలో పంచడానికి 20 మంది హరకారాలను జీతానికి పెట్టుకున్నాడు. వారు పత్రికలు మోసుకుని ఇంటింటికీ పరుగెత్తారు. పత్రిక ఆగలేదు.

మూడు నెలల్లో మూడు తలుపులు మూశారు

ఆ 1780 చివరి మూడు నెలలలో కలకత్తాలో జరిగినవి వరుసగా చూస్తే హికీ పోరాటం విలువ తెలుస్తుంది.

సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ ఎలైజా ఇంపే. 1775లో మహారాజా నందకుమార్‌కు ఫోర్జరీ నేరం మీద ఉరిశిక్ష వేసినవాడు ఇతడే. నందకుమార్ అంతకుముందే హేస్టింగ్స్ మీద లంచాల ఆరోపణ చేసి ఉన్నాడు. అటువంటి ఇంపేకు 1780 అక్టోబరులో హేస్టింగ్స్ కంపెనీ సదర్ దివానీ అదాలతు పెద్దగా మరో ఉద్యోగం ఇచ్చాడు. అదనపు జీతం నెలకు 5,000 రూపాయలు. కంపెనీ మీద వచ్చే కేసులు విచారించవలసిన జడ్జి కంపెనీ జీతగాడయ్యాడు. నవంబరులో హికీకి తపాలా బందు. డిసెంబరులో ఫిలిప్ ఫ్రాన్సిస్ సీమకు ఓడ ఎక్కాడు. కౌన్సిల్లో హేస్టింగ్స్‌ను ఎదిరిస్తూ వచ్చినవాడు ఆయనే. ఆగస్టులో ఇద్దరూ పిస్తోళ్ళతో ద్వంద్వయుద్ధం చేయగా ఫ్రాన్సిస్‌కు గుండు తగిలింది.

కౌన్సిల్లో ఎదురు మాట్లాడేవాడు లేడు. కోర్టు చేతిలో ఉంది. పత్రికకు తపాలా లేదు. ఇక మిగిలింది 20 మంది హరకారాలు మోసే ఆ నాలుగు పేజీలు.

ఈ గొడవలు కలకత్తాలో జరిగినా సెగ మన విశాఖ తీరానికీ తగిలింది. 1780లో హైదర్ అలీ కర్ణాటక సీమ మీదికి దండెత్తి సెప్టెంబరులో పొల్లిలూరు వద్ద కర్నల్ బెయిలీ సేనను చిత్తుచేశాడు. మద్రాసుకు సాయం పోవడానికి ఓడ ఎక్కమంటే విశాఖపట్నం సిపాయిలు నిరాకరించి అక్టోబరు 3న తిరగబడ్డారు. మరుసటి ఏడు బెంగాలు నుంచి కర్నల్ పియర్స్ సేన మన కోస్తా వెంట నడిచి మద్రాసు పోయింది. దారిలో గంజాం దగ్గర కలరా తగిలి వందల మంది పడిపోయారు. హేస్టింగ్స్ యుద్ధాలను ఎత్తిపొడుస్తూ హికీ రాసినదానికి ఈ చావులు నేపథ్యం. ఓడ ఎక్కనన్న మన విశాఖ సిపాయి ఆ పత్రికను చూసి ఉండడు. ఇద్దరికీ కోపం తెప్పించిన దొరతనం మాత్రం ఒకటే.

కాగితం మీద ఆడిన నాటకం

నాటకాలవాడి చేత తన మీద పోటీ పెట్టించినవారిని హికీ నాటకంతోనే కొట్టాడు. మన ఊళ్ళలో నాటకం వేసేముందు కరపత్రాలు పంచేవారు. ఫలానా రాత్రి ఫలానా నాటకం, కృష్ణుడుగా ఫలానా వారు, అర్జునుడుగా ఫలానా వారు అని అందులో ఉండేది. 1781లో హికీ తన పత్రికలో సరిగ్గా అటువంటి కరపత్రమే వేశాడు. నాటకం పేరులోనే నిరంకుశత్వం ఉంది. హేస్టింగ్స్‌కు మహా మొగలు అని బిరుదు ఇచ్చాడు. ఇంపేకు ఇంగ్లండులో ఉరిశిక్షలకు పేరుమోసిన జెఫ్రీస్ అనే పాత జడ్జి వేషం ఇచ్చాడు. మిగతా జడ్జీలకూ తగిన వేషాలు పంచాడు. 16 రూపాయల టిక్కెట్టు కొనలేని గుమాస్తాలు ఆ నాటకం పత్రికలో చూసి నవ్వుకున్నారు.

ఇంపేకు ఆయన పెట్టిన మారుపేరు పుల్ బందీ దొర. పుల్ బందీ అంటే నదీ గట్లు, వంతెనల మరమ్మతు పని. ఆ కాంట్రాక్టు ఇంపే చుట్టమైన ఫ్రేజర్ అనేవాడికి దక్కింది. గట్ల పని ఎవరికి పోయింది, ఎందుకు పోయింది అన్న చర్చ ఏ పల్లెలోనైనా రచ్చబండ మీద జరిగేదే. ఒక్క మారుపేరులో హికీ ఆ చర్చంతా పెట్టేశాడు. ఊరంతా పుల్ బందీ అని నవ్వుతుంటే జడ్జిగారికి ఎలా ఉంటుందో ఊహించవచ్చు.

అయితే హికీ కలం ఇక్కడితో ఆగలేదు. పెద్దింటి ఆడపిల్లలకూ మారుపేర్లు పెట్టి వారి సరసాల కబుర్లు వేశాడు. గిట్టనివారి సంసారాలు వీధికెక్కించాడు. ఆ పని పత్రిక పనికాదు, ఎవరు సమర్థించినా నేను సమర్థించను. కాని ఆయనను జైలుకు పంపినవారు ఆడపిల్లల తండ్రులు కారు. కాంట్రాక్టుల సంగతి, జీతాల సంగతి, యుద్ధాల సంగతి రాసినందుకు కోపం వచ్చినవారు.

వారిలో ఒక పాద్రీ కూడా ఉన్నాడు. స్వీడన్ దేశానికి చెందిన కియర్నాండర్ కలకత్తాలో చాలా కాలంగా చర్చి, బడి, అచ్చాఫీసు నడుపుతుండేవాడు. అనాథల నిధి సొమ్ము వాడుకున్నాడనీ, మిషను అచ్చు అక్షరాలు పోటీ పత్రికకు అమ్మాడనీ హికీ ఆయనను దుయ్యబట్టాడు. అదే ఏడు తనను చంపడానికి రాత్రివేళ ఆయుధాలతో మనుషులు వచ్చారని కూడా హికీ పత్రికలో రాసుకున్నాడు.

జడ్జి ఎవరంటే

1781 జూన్‌లో హేస్టింగ్స్, కియర్నాండర్ పరువునష్టం కేసులు పెట్టారు. హికీని పట్టుకోవడానికి సాయుధులు వచ్చి గేటు పగలగొట్టారు. వారి వెంట నడవనని, కోర్టుకు తానే వస్తానని ఆయన వెళ్ళాడు. ఇంపే వేల రూపాయల జామీను అడిగాడు. అంత ఇచ్చే దిక్కు లేక మళ్ళీ జైలు పాలయ్యాడు. అప్పుడు అప్పు చేసినందుకు, ఇప్పుడు అచ్చు వేసినందుకు.

జూన్ నెలలోనే నాలుగు విచారణలు జరిగాయి. న్యాయపీఠం మీద కూర్చున్నది ఎవరంటే పుల్ బందీ దొరే. తనను ఎగతాళి చేసినవాడికి తానే తీర్పు చెప్పాడు. హేస్టింగ్స్ విషయంలో ఒక సంవత్సరం జైలు, 2,000 రూపాయల జరిమానా పడ్డాయి. పాద్రీ దావాలోనూ శిక్ష పడింది.

అందరూ పత్రిక పోయిందనుకున్నారు. మరుసటి శనివారం మళ్ళీ వచ్చింది. ఆ తర్వాతి వారమూ వచ్చింది. జైల్లో అచ్చాఫీసు నడపడం హికీకి కొత్త విద్య కాదు. లోపల కూర్చుని రాస్తూ తొమ్మిది నెలలు పత్రిక నడిపాడు. దూకుడు కూడా తగ్గించలేదు. హేస్టింగ్స్ మళ్ళీ దావాలు వేశాడు. మనిషిని బంధించి లాభం లేదని అప్పటికి తెలిసివచ్చింది. 1782 మార్చిలో కోర్టు ఉత్తర్వు మీద అచ్చు అక్షరాలు స్వాధీనం చేసుకున్నారు. అక్షరాలు లేక బెంగాల్ గెజిట్ ఆగిపోయింది.

హికీ మాత్రం 1784 చివరిదాకా లోపలే ఉన్నాడు. హేస్టింగ్స్ కలకత్తా విడిచి పోబోతూ తనకు రావలసిన సొమ్ము వదులుకున్నాక క్రిస్మస్ వేళ బయటపడ్డాడు.

ఇక హేస్టింగ్స్ కథ. 1785లో ఆయన ఇంగ్లండు చేరాడు. అంతకుముందే పార్లమెంటు ఇంపేను వెనక్కి పిలిపించింది. హికీ గోల పెట్టిన ఆ రెండో ఉద్యోగమే అందుకు కారణం. హేస్టింగ్స్ మీద 1788లో పార్లమెంటు ఎదుట విచారణ మొదలైంది. ఆ విచారణ చూడటానికి టిక్కెట్లు కావలసివచ్చాయి. సారా సిడన్స్ అనే గొప్ప నటి వచ్చి కూర్చుంది. నేరారోపణ చేస్తూ రోజుల తరబడి మాట్లాడినవారిలో ఒకడు నాటక రచయిత షెరిడన్. మెస్సింక్ వచ్చిన డ్రూరీ లేన్ నాటకశాలకు అప్పుడు యజమాని ఆయనే. ఏడేళ్ళు సాగి 1795లో హేస్టింగ్స్ నిర్దోషిగా విడుదలయ్యాడు. ఆస్తి మాత్రం కోర్టు ఖర్చులకు హరించుకుపోయింది.

హికీకి జరిగింది ఆయనతో పోలేదు. 1799లో గవర్నర్ జనరల్ వెల్లస్లీ ప్రతి పత్రికా ముందుగా సర్కారుకు చూపించి అచ్చువేయాలని నిబంధన పెట్టాడు. తప్పినవాణ్ణి ఓడ ఎక్కించి సీమకు పంపుతామన్నాడు. 1823లో కలకత్తా జర్నల్ నడిపిన బకింగ్‌హామ్‌ను అలాగే పంపేశారు. 1835లో మెట్‌కాఫ్ ఈ కట్లు విప్పాడు. నాటకాల వంతు తర్వాత వచ్చింది. వేల్సు యువరాజు కలకత్తా వచ్చినపుడు ఆయనకు అంతఃపురం చూపించిన పెద్దమనిషిని ఎగతాళి చేస్తూ బెంగాలీవారు ప్రహసనం ఆడగా, 1876లో నాటక ప్రదర్శనల చట్టం తెచ్చారు. ఆ చట్టం దేశమంతటా వర్తించింది. దాన్ని మన పార్లమెంటు రద్దు చేసింది 2018లో.

జైలు నుంచి వచ్చాక హికీ మళ్ళీ పత్రిక పెట్టలేదు. అచ్చు అక్షరాలు లేవు, అప్పిచ్చేవారు లేరు, పెద్ద కుటుంబం ఉంది. పాత వైద్యమే కొంత చేసుకున్నాడు. సైన్యపు నిబంధనల అచ్చు బిల్లు ఇప్పించమని కంపెనీకి అర్జీ మీద అర్జీ పెట్టాడు. హేస్టింగ్స్‌కు కూడా రాశాడు. ఎన్నో ఏళ్ళు తిప్పి కంపెనీ అడిగినదానిలో కొంత ఇచ్చింది. పాత బాకీలకే అది చాలలేదు. 1802లో బ్రతుకుతెరువు వెతుక్కుంటూ చైనా పోయే ఓడ ఎక్కాడు. దారిలో సముద్రం మీదనే చనిపోయాడు. ఆయన పత్రిక సంచికలు కొన్ని కలకత్తా జాతీయ గ్రంథాలయంలో, లండన్ బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి.